గట్టు కింది నీళ్ళు

జోలీన్‌కి, మీ అమ్మ దీవెనలతో రాస్తున్నది. ఇక్కడ నేనూ మీ నాన్నా బాగున్నాం. కుక్కలు బాగున్నాయి. నీ సీసాలు మా అందరికంటే బాగున్నాయి. వంటింటి బల్ల మొత్తం వాటికి అప్పగించి మేం ఒళ్ళో పళ్ళేలు పెట్టుకుని తింటున్నాం. ఫెయిర్‌బ్యాంక్స్‌లో నువ్వూ బాగున్నావనే అనుకుంటున్నాను. బాగుండకపోతే అంత పొడుగు ఉత్తరం రాసే ఓపిక ఎక్కడిది?

నీ ఉత్తరం ఖాళీ సీసాల పెట్టెలో వచ్చింది. గాలీ మంచూ కలిసి విమానాన్ని చాలా రోజులు రానివ్వలేదు. తీరా వచ్చిన రోజున అందులో పిండి లేదు, పాలపొడి లేదు, నీ సీసాలు మాత్రం భద్రంగా దిగాయి. రన్‌వే దగ్గర నిలబడ్డ జనం నన్నెలా చూశారో నీకు తెలియదు. తలొంచుకుని పెట్టె బండికి కట్టుకుని వచ్చేశాను. ఇంటికొచ్చి ఉత్తరం చదివాను, కోపం వచ్చింది. టీ తాగి మళ్ళీ చదివాను, ఇంకా ఎక్కువ కోపం వచ్చింది.

సముద్రపు గట్టు కింద గుర్తుగా స్తంభం పాతిన చోట, మంచుకి రంధ్రం చేసి నేను పట్టిన నీళ్ళు తేడాగా ఉన్నాయన్నావు. సముద్రం గడ్డకట్టిన దగ్గర్నుంచి ఇప్పటిదాకా అక్కడి ప్రతి సీసాలోనూ కార్బన్ ఎక్కువట, ఉప్పు తక్కువట. అవతల ఇసుకదిబ్బ దగ్గర పట్టినవి మాత్రం సక్రమంగా ఉన్నాయట. ఎందుకో కారణం దొరక్కపోతే ఈ చలికాలం గట్టు కింది లెక్కలన్నీ తీసి అవతల పారేసి మిగతావే రాయమని మీ ప్రొఫెసరమ్మ అన్నదట. అంతవరకూ సరే. ఆ తర్వాత మొదలుపెట్టావు నీ ప్రశ్నలు. గొట్టం సీసా అడుగుదాకా పెట్టావా అమ్మా? బుడగలు పోయాయా? మూతకి గ్రీజు సరిగ్గా రాశావా? సీసాలో ఊపిరి వదిలావా? నాన్న పక్కన నిలబడి సిగరెట్ కాల్చాడా?

నీకు నడక నేర్పినదాన్ని, నాకు గొట్టం పట్టుకోవడం వచ్చా అని అడుగుతున్నావు. సరే, అడిగావు గనక చెబుతున్నాను, బుద్ధిగా విను. గొట్టం అడుగుదాకా పెట్టాను. నీళ్ళు సీసా నిండి, పొంగి, ఇంకో సీసాడు బయటికి పారేదాకా ఆగాను. ఆ పారిన నీళ్ళు నా చేతి తొడుగు మీద పడి గడ్డకట్టి, నా చెయ్యి వండని చేపలా అయింది. బుడగ కనిపిస్తే మొత్తం ఒలకబోసి మళ్ళీ పట్టాను. నువ్విచ్చిన విషం చుక్క ఊపిరి బిగబట్టి వేశాను. నీళ్ళలోని పురుగూ పుట్రా చావకపోతే అవి తింటూ, ఊపిరి వదులుతూ సీసాలోనే లెక్క మార్చేస్తాయని నువ్వు చెప్పింది నాకు గుర్తుంది. మూత బిగించి, గడ్డకట్టి పగలకుండా నా కోటులో గుండెకి ఆనించుకుని తెచ్చాను. నిన్నైనా అంత జాగ్రత్తగా మోశానో లేదో. ఇక సిగరెట్ సంగతంటావా, నీ ఉత్తరం వచ్చేదాకా మీ నాన్న ఈ చలికాలం గట్టు కిందికి అడుగే పెట్టలేదు.

ఈ సీసాలు మొదలుపెట్టిన ఏడు నువ్వు మన వంటింట్లో నిలబడి చెప్పింది కూడా మర్చిపోలేదు. ఎండాకాలం మంచు పోగానే మన లోతులేని సముద్రం గాల్లోని బొగ్గుపులుసు వాయువును తాగుతుందనీ, నీళ్ళలోని పచ్చని నాచు దాన్ని తినేస్తుందనీ చెప్పావు. శరదృతువులో తుఫాన్లు అడుగుబురదను కలిపేస్తాయి, నదులూ గట్లూ తెచ్చిపడేసిన మట్టి కుళ్ళుతుంది, తిన్నదంతా మళ్ళీ వాయువై నీళ్ళలో కరుగుతుందన్నావు. పైన మంచు పట్టేశాక బయటికి పోయే దారి ఉండదు, వసంతం దాకా నీళ్ళు దాన్ని మింగి ఉంచుతాయి, నీళ్ళు పులుస్తాయి, గవ్వలకి పెంకు కట్టుకోవడం కష్టమవుతుంది. అంతా విని మీ నాన్న, అయితే మనమ్మాయి చదువుకుంటున్నది సముద్రానికొచ్చిన అజీర్తి గురించా అన్నాడు. నువ్వు మూతి ముడుచుకుని రెండు రోజులు ఆయనతో మాట్లాడలేదు.

ఊరి సంగతులు అడిగావు. మీ ఫ్లోసీ అత్త మోకాలు బాగైంది. బాగైనట్టు ఎవరికీ తెలియకూడదని చర్చికొచ్చినప్పుడు మాత్రం కుంటుతోంది. ఆవిడ మొగుడు హోమర్ మామయ్య కొత్త మంచుబండి కొన్నాడు, దాని మోతకి కుక్కలు పిచ్చెక్కిపోతున్నాయి. వెలుతురు తిరిగొచ్చింది గనక ఆడవాళ్ళం పడవలకి తోళ్ళు కుట్టడానికి కూర్చోవాలి. మన ఇంట్లో సీల్ తోళ్ళు ఇంకా నానబెట్టలేదు. మిగతా పడవల వాళ్ళు సూదులు పట్టుకుని కూర్చున్నారు.

మక్తాక్ ఎందుకు పంపలేదని అడిగావు. క్రిస్మస్‌కి రాలేకపోయాను, కనీసం ఒక తిమింగలం తోలు ముక్కైనా పంపకూడదా, ఇక్కడి కోళ్ళు తినీ తినీ నాలుక చచ్చిపోయిందన్నావు. విమానాల్లో చోటు లేదని ఫోన్‌లో చెప్పాను. నాన్న ఫోన్ దగ్గరికి ఎందుకు రావడం లేదు, నా మీద కోపమా అనీ అడిగావు. ఇంజన్ విప్పుకుని కూర్చున్నాడని చెప్పాను. రెండో మాట నిజం. చలికాలమంతా నా ముందుగదిలో, నా తివాచీ మీద, ఏ జబ్బూ లేని ఇంజన్‌ని విప్పడం, తుడవడం, బిగించడం. మళ్ళీ విప్పడం. అడిగితే గుర్రుమనడం. నా తివాచీ చూస్తే నీకు ఏడుపొస్తుంది.

ఇక దాచి లాభం లేదు తల్లీ. నీళ్ళు ఎందుకలా ఉన్నాయి, మక్తాక్ ఎందుకు రాలేదు, నాన్న ఎందుకు మాట్లాడడు అని అడిగావు. మూడింటికీ ఒకటే జవాబు. ఫోన్‌లో చెప్పలేను, ఫోన్ మీ నాన్న కుర్చీ పక్కనే ఉంటుంది. అందుకే ఇన్నాళ్ళూ నీతో వాతావరణం గురించి మాట్లాడుతూ వచ్చాను.

మన మంచుకొట్టు పోయింది.

అక్టోబరు చివర్లో పోయింది. సముద్రం ఆపాటికే గట్టిగా గడ్డకట్టి ఉండాలి. మంచు ఉంటే అలలు గట్టును ముట్టుకునేవి కావు. ఈసారి నల్లగా, ఖాళీగా ఉంది. పడమటి గాలి లేచింది. మగాళ్ళంతా ఇసుక సంచులు వేశారు. సముద్రం వాటిని చాక్లెట్లలా మింగేసింది. మర్నాడు మధ్యాహ్నం నేను గట్టు మీదే ఉన్నాను, మీ నాన్న నా పక్కనే ఉన్నాడు. గడ్డకట్టిన నేలలోకి తవ్విన కొట్టు కదా, దాని మూత చుట్టూ ఒక బీట కనిపించింది. అది వెడల్పయింది. తర్వాత ఆ నేలంతా మెల్లగా ముందుకు వంగింది. పెద్ద చప్పుడు కూడా కాలేదు. మూత, నిచ్చెన, మీ నాయనమ్మ గోడకి చెక్కించిన అరలు, లోపల పేర్చిన మాంసం, అన్నీ నీళ్ళలోకి దిగిపోయాయి. పోయిన వసంతంలో మన పడవకి వచ్చిన తిమింగలం, జోలీన్. పండగలకి ఊరందరికీ పంచాల్సినది. దాంతోపాటు గట్టులోని నల్లమట్టి రెండిళ్ళంత ముక్క విరిగి పడింది. అది ఎప్పుడూ కరిగి ఎరగని నేల. దాని లోపలి మంచు చారలు వెలుతురుకి మెరిశాయి. సరిగ్గా నీ స్తంభం పాతే చోటికి ఎగువన.

ఆ కుప్ప అక్కడే ఉంది. తుఫాను తగ్గిన తర్వాత మంచు పట్టేసింది. ఇప్పుడు దాని మీద మూత ఉంది. పండక్కి మనం బకెట్‌లో మాంసం ఊరబెడతాం, మూత తీస్తే బుస్సుమంటుంది చూడు, అలాగే కింద అంతా ఊరుతోంది. నేలలోని మంచు కరిగి నీ ఉప్పు తగ్గింది. మట్టీ మాంసమూ కుళ్ళి నీ కార్బన్ పెరిగింది. ఇందులో నా తెలివేం లేదు, నువ్వు చెప్పిన పాఠమే. సీసా పట్టిన ప్రతిసారీ నాకు కారణం తెలుసు. తెలిసి కూడా, ఏమైనా విశేషం ఉందా అమ్మా అని నువ్వడిగినప్పుడు, ఏమీ లేదు, అంతా మామూలే అన్నాను.

ఎందుకన్నానో నీకు వేరే చెప్పాలా? నువ్వూ తిమింగలం వేటపడవ నడిపించేవాడి ఇంట్లోనే పుట్టావు. వసంతం రాకముందే నేను కొట్లోకి దిగి, పాత మంచు గీకి, రక్తం మరకలు తీసి, కొత్త మంచు పరుస్తానని, తిమింగలం శుభ్రమైన కొట్టు ఉన్న ఇంటినే ఎంచుకుంటుందని నీకు తెలుసు. ఆ రోజు గట్టు మీంచి ఇంటికొచ్చి, తడి బూట్లు కూడా విప్పకుండా మీ నాన్న ఒకటే మాట అన్నాడు.

"ఈ సంగతి ఇంట్లో ఎవరూ ఎత్తొద్దు. తిమింగలాలకి వినపడుతుంది. పెట్టుకోడానికి చోటు లేని ఇంటికి అదెందుకొస్తుంది?"

ఊరంతటికీ అదే చెప్పాడు. ఊరు కూడా నోరు కుట్టేసుకుంది, మీ ఫ్లోసీ అత్తతో సహా. ఆవిడ ఇన్ని నెలలు ఒక మాట కడుపులో దాచుకోవడం నా పెళ్ళయిన దగ్గర్నుంచి చూడలేదు. అదొక్కటి చాలు, సంగతి ఎంత పెద్దదో తెలియడానికి.

నవంబరు పండగ రోజున చర్చి హాల్లో పంచడానికి మన దగ్గర ఏమీ లేదు. హోమర్ మామయ్య తన వాటాలోంచి కొంత పక్కకి తీసి మన పడవ పేరు చెప్పి పంచాడు. మీ నాన్నకి ఆ రోజు కడుపునొప్పి. క్రిస్మస్‌కి పంటినొప్పి. మన వాటా అంటూ ఎవరో సంచి తెచ్చి గుమ్మంలో ఇస్తే రెండు చేతులూ చాచి పుచ్చుకున్నాడు. పంచిపెట్టడం తప్ప పుచ్చుకోవడం అలవాటు లేని చేతులు అవి. ఆ సంచి వంటింట్లో పెట్టి, వెళ్ళి ఇంజన్ ముందు కూర్చున్నాడు. అప్పట్నుంచీ లేవలేదు. హోమర్ వచ్చి, నా కొట్లో సగం నీదేననుకో అన్నాడు. పరాయి కొట్లో పెట్టుకోవడానికి తిమింగలాన్ని పిలుస్తామా అని మీ నాన్న మొహం తిప్పుకున్నాడు. ఈ వసంతం పడవ దించనన్నాడు. నేను తోళ్ళు నానబెట్టకపోవడానికి కారణం అది. నెత్తీ నోరూ కొట్టుకుని చెప్పాను. మంచుబండికి చెప్పుకున్నా బాగుండేది.

ఇంతలో నీ ఉత్తరం. గొట్టం పట్టడం రాని అమ్మ, సిగరెట్ కాల్చిన నాన్న. నాకు ఒళ్ళు మండిపోయింది. ఇంజన్ ముందు నిలబడి మొత్తం చదివి వినిపించాను. వింటున్నాడో లేదో నాకు తెలియదు. చివర్లో, ఆ లెక్కలు తీసి అవతల పారేస్తామన్న చోట తలెత్తాడు.

తీసేయడమంటే ఏంటని అడిగాడు. ఈ చలికాలం గట్టు కింద నీళ్ళే లేనట్టు రాస్తారన్నాను. ఎందుకన్నాడు. ఎందుకా, కారణం ఎవరూ చెప్పలేదు గనక, మీ ఆవిడకి పని చేతకాదని అనుకుంటున్నారు గనక అన్నాను. గుడ్డతో చేతులు తుడుచుకుని బయటికి వెళ్ళాడు. కుక్కలకి అప్పటికే ఒకసారి పెట్టిన తిండి మళ్ళీ పెట్టాడు. తిరిగొచ్చి తలుపు దగ్గర నిలబడి మంచు దులుపుకోకుండానే అన్నాడు:

"ఒకసారి సముద్రం పారేసింది. రెండోసారి మన పిల్ల చేత పారేయించకు. చెప్పెయ్ దానికి."

"చెబితే వాటికి వినపడుతుందన్నావుగా" అన్నాను. ఇన్ని నెలల కోపం నాకు మాత్రం ఉండదా?

"వినపడుతుంది" అన్నాడు.

"వినపడనీ. నేను ఇన్నేళ్ళు ఆ కొట్టు గీకి గీకి నా నడుం పడిపోయింది. ఇవాళ్టి మాట వినపడే చెవులకి అది మాత్రం వినపడలేదా?"

కాసేపటికి ఆయన నా సీల్ తోలు బూట్లు తెచ్చి పొయ్యి దగ్గర ఆరబెట్టాడు. పెళ్ళయిన కొత్తలో చేసేవాడు ఆ పని.

మర్నాడు నీళ్ళు పట్టే రోజు. తెల్ల ఎలుగులు వస్తే ఉంటుందని తుపాకీ భుజాన వేసుకుని నా వెనకే వచ్చాడు. గట్టు కిందికి దిగేటప్పుడు ఆగి, పైన విరిగిన చోటు చూస్తూ నిలబడ్డాడు. నేను చూడనట్టు మంచులో రంధ్రం శుభ్రం చేసుకుంటూ కూర్చున్నాను. తర్వాత వచ్చి గొట్టం తనే పట్టుకుంటానన్నాడు. పట్టుకున్నాడు, బుడగ వచ్చింది. ఒలకబొయ్యమన్నాను. ఇంత చిన్న బుడగకా అన్నాడు. అంత చిన్న బుడగకే మీ అమ్మాయి నాకు ఉత్తరం రాసిందన్నాను. ఒలకబోశాడు. మళ్ళీ బుడగ. మళ్ళీ ఒలకబోయించాను. నిన్ను బండబూతులు తిట్టాడు. నాకు ఎంత హాయిగా ఉందో చెప్పలేను. మూడో సీసా బాగా వచ్చింది. దాన్ని నా కోటులో పెట్టనివ్వలేదు, తన కోటులో పెట్టుకుని తెచ్చాడు. ఆ సీసా మీద పసుపు దారం కట్టాను, చూడు.

నిన్న హోమర్ కొట్టు చూడడానికి వెళ్ళాం. ఛీ, అది కొట్టా? ఎప్పటి రక్తమో గోడలకి నల్లగా అంటుకుని ఉంది, నిచ్చెన మెట్లు జారుతున్నాయి, మూలన ఎవరిదో చిరిగిన బూటు. ఇన్నేళ్ళు ఆ ఇంటికి తిమింగలం ఎలా వచ్చిందో దేవుడికే తెలియాలి. మీ అత్తకి మోకాలు నొప్పని గీకలేదట. మోకాలు చర్చికి మాత్రం వస్తుంది. రేపట్నుంచి నేనే దిగి గీకాలి. మీ నాన్న పైన నిలబడి బకెట్ లాగుతానన్నాడు. ఇంటికొస్తూ, తోళ్ళు ఎప్పుడు నానబెడతావని నన్నే అడిగాడు, ఆలస్యం నా వల్లే అయినట్టు.

మీ ప్రొఫెసరమ్మకి చెప్పు, నేను గొట్టం అడుగుదాకానే పెట్టానని. తీసెయ్యమంటే ఒప్పుకోకు. కారణం ఇదీ అని మీ పుస్తకంలో రాయి, ఫలానా ఇంటివాళ్ళ కొట్టు అని పేరుతో సహా రాయి. మీ నాయనమ్మ పేరు కూడా రాయి, అరలు చెక్కించింది ఆవిడే.

ఈ పెట్టెలో సీసాలకి దూరంగా, వేరే డబ్బాలో, గుడ్డలో చుట్టి ఒక మక్తాక్ ముక్క పంపుతున్నాను. తుఫానుకు ముందు రోజు పులుసులోకని పైకి తెచ్చాను, తర్వాత వండడానికి చేతులు రాలేదు. విషం సీసాలు ముట్టుకున్న చేత్తో దాన్ని ముట్టుకోకు, కడుక్కో. సన్నగా కోసుకుని నెమ్మదిగా తిను, ఎవరికీ పెట్టకపోయినా ఈసారికి తప్పులేదు. మన కొట్టులోది మిగిలింది ఈ ముక్కే. మిగతాదంతా నీ సీసాల్లోనే ఉంది. పారెయ్యకు తల్లీ.

ఇట్లు,
బుడగలు లేకుండా నీళ్ళు పట్టే
మీ అమ్మ